మూడు ఊళ్లలో రూములు, వెళ్లేది ఒక్క ఊరికే

ప్రయాణాలు, బసలు, వాటి చుట్టూ వచ్చే ఇరకాటాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, తిరుపతిలో చాలాకాలం లాడ్జి నడిపిన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది చిత్తూరు. ఈ వేసవి సెలవుల్లో మేమూ మా ఆడపడుచు వాళ్లూ కలిసి తొమ్మిది మందిమి ఎక్కడికైనా చల్లటి చోటికి వెళ్దామనుకున్నాం. ఆడపడుచు భర్తకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. మా అత్తగారికి చలి పడుతుందో లేదో అదొక అనుమానం. అందుకని మా వారు మే రెండో వారానికి ఊటీలో మూడు రూములు, కొడైకెనాల్‌లో మూడు, ఏర్కాడులో మూడు ఫోన్లోనే బుక్ చేసి పెట్టారు. అన్నీ రెండు రోజుల ముందు వరకు రద్దు చేసుకుంటే పైసా కట్టనక్కర్లేని రకం. 'ఏది కుదిరితే అది ఉంచుకుని మిగతావి తీసేద్దాం, ఆ సౌకర్యం ఇచ్చింది వాళ్లే కదా' అంటారాయన. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి మాత్రం 'ఇది మోసం నాన్నా' అని తగువు పెట్టుకుంది. రోజూ అన్నాల దగ్గర ఇదే పంచాయితీ. మీరు లాడ్జి నడిపినవారు, మీరే తీర్పు చెప్పండి. - ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: తీర్పులు చెప్పే పని నాది కాదమ్మా. కాకపోతే ఏళ్ల తరబడి కౌంటరుకు ఇవతలివైపు కూర్చున్నదాన్ని, ఇక్కడి నుంచి చూస్తే ఏం కనబడుతుందో చెప్పగలను.

ముందు మీ వారి తరఫున. మోసం అన్నది చాలా పెద్ద మాట. ఆయన దొంగపేరు ఇవ్వలేదు, అబద్ధమాడలేదు. ఫలానా రోజు వరకు రద్దు చేసుకోవచ్చని షరతు పెట్టింది హోటలు వాళ్లే, అదీ లెక్క చూసుకునే పెట్టారు. అదే హోటల్లో అదే రూముకు డబ్బు వెనక్కి రాని రేటు ఇంకోటి ఉంటుంది చూడండి, అది కాస్త తక్కువ ఉంటుంది. రద్దుకు వీలున్న రేటు ఎక్కువ. ఆ తేడా మన అనుమానానికి మనం కట్టే రుసుము. అంతవరకు ఎవరి బాకీ ఎవరికీ లేదు. అయితే మీ వారు ఆ రుసుము కట్టేది చివరికి దిగిన ఒక్క చోటే. మిగతా రెండు చోట్లా రూములు వారాల తరబడి ఆయన పేరు మీద ఉండి, కాణీ రాకుండా వెనక్కి వెళ్తాయి. ఆ లోటు హోటలువాడు ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. అక్కడ నిజంగా దిగినవాళ్ల బిల్లులో పూడ్చుకుంటాడు.

ఇప్పుడు మీ అమ్మాయి తరఫున. మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఆడపడుచు భర్తకు సెలవు ఎప్పుడో తెలీదన్నారు. అలాంటప్పుడు ఒకే ఊళ్లో రెండు వేరువేరు వారాలకు రూములు పట్టుకుంటే అర్థం ఉంది. మీ వారు మూడు ఊళ్లూ ఒకే వారానికి పట్టారు. ఆ వారం ఆయనకు సెలవు దొరక్కపోతే మూడూ పోయినట్టే కదా! పోనీ అత్తగారి చలి సంగతి. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది, కొడైకెనాల్ 2,100 మీటర్లు. ఊటీలో చలికి వణికే మనిషికి కొడైకెనాల్‌లో చెమటలు పట్టవు. ఏర్కాడు మాత్రం 1,500 మీటర్ల ఎత్తే, అక్కడ చలి ఆ స్థాయిలో ఉండదు. అంటే అత్తగారి కోసమే అయితే పైనున్న ఊరు ఒకటి, ఏర్కాడు ఒకటి చాలు. మూడోది దేనికి? మీ వారికి అనుమానం ఏమీ లేదు, మూడు ఊళ్ల ఫోటోలూ బాగున్నాయి, అంతే. ఏదో ఒకటి వదులుకోవడానికి మనసొప్పలేదు. అనుమానంతో పట్టుకోవడానికీ, వదల్లేక పట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. మీ అమ్మాయికి అడ్డం తగులుతున్నది అదే, కాకపోతే చిన్నపిల్ల కాబట్టి నోటికొచ్చిన మొదటి మాట మోసం అయింది.

(మదనపల్లె దాటితే హార్స్‌లీ హిల్స్ ఉంది. చిత్తూరు వాళ్లకు అది కొండలాగే ఆనదు, ఎందుకో.)

కౌంటరు సంగతి చెప్తానన్నాను కదా. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సందులో మా లాడ్జి. పద్నాలుగు రూములు. మా ఆయన ఉన్నంతకాలం ఆయన, తర్వాత నేను చూసుకున్నాం. ఇప్పుడు మా మేనల్లుడికి అప్పజెప్పాను. తమిళుల పెరటాసి నెల శనివారాలంటే తిరుపతి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, శుక్రవారం మధ్యాహ్నం నుంచే తమిళనాడు బస్సులు దిగుతూ ఉంటాయి. వేలూరు నుంచో కాంచీపురం నుంచో ఫోన్ వస్తుంది. 'మూడు రూములు పెట్టండమ్మా, రాత్రి ఎనిమిదికల్లా వచ్చేస్తాం.' అప్పట్లో అడ్వాన్సులు లేవు, మాటే. కౌంటరు వెనక గోడకు తాళాల పలక. మూడు తాళాలకు కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి, పైన 'వేలూరు' అని రాసి, పలకకే తగిలించేదాన్ని.

తొమ్మిదింటికి కొండ దిగిన ఒక కుటుంబం వస్తుంది. తల్లి భుజం మీద నిద్రపోయిన బిడ్డ, వెనకాల గుండుకు గంధం పూసుకున్న ముసలాయన, చేతిలో లడ్డూల సంచి. 'రూములు ఉండాయా అమ్మా?' 'లేవు నాయనా.' వాళ్లు నా ముఖం చూడరు, నా వెనక పలక చూస్తారు. తాళాలు కళ్లెదురుగా వేలాడుతుంటే లేవంటుందేమిటి ఈవిడ అని. ఎక్కువ రేటు కోసం దాచిపెట్టాననుకునేవాళ్లు కొందరు, కులం చూసి ఇవ్వలేదనుకునేవాళ్లు కొందరు. ఒకాయన నా ముఖం మీదే అన్నాడు కూడా. పదకొండు అవుతుంది, వేలూరు పార్టీ జాడ ఉండదు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా, 'బస్టాండు దగ్గరే దొరికాయమ్మా, దిగేశాం' అంటారు, ఎంత సాదాగానో. ఆ రాత్రి మూడు రూముల అద్దె నాకు పోయింది, సరే, వ్యాపారమన్నాక పోతుంది, వస్తుంది. ఆ ముసలాయన స్టేషన్లో పడుకున్నాడో, విష్ణు నివాసం వరండాలో ఒరిగాడో, దాన్ని ఏ రిజిస్టర్లో రాయాలి?

మీ వారు వేలూరు పార్టీ కాదు, ఒప్పుకుంటాను. ఆయన గడువులోపల రద్దు చేస్తారు. కానీ గడువు అన్నది హోటలువాడి లెక్క కోసం పెట్టుకున్న గీత. సెలవు దొరకదని ఏప్రిల్ చివరే తేలిపోయిందనుకోండి, 'ఇంకా టైముంది కదా, ఫోన్లో గుర్తు చేస్తుందిలే' అని మే రెండో వారం దాకా ఆగితే, ఆ మధ్య రోజుల్లో ఎంతమంది ఆ హోటలు పేజీ తెరిచి 'రూములు లేవు' అని చూసి మూసేస్తారు? మే నెలలో ఊటీలోని పెద్ద హోటలు అయితే ఆ రెండు రోజుల్లోనే నిండిపోవచ్చు. ఏర్కాడులో ఏ దంపతులో తమ ఇంటి వెనక కట్టుకున్న నాలుగు గదుల హోమ్‌స్టే అయితే? మీ మూడు రూములంటే వాళ్లకు ఇల్లంతా మీదే. కాఫీ తోటల్లో పని చేసే మనిషిని ఆ వారానికి వంటకు పిలుచుకుని ఉంటారు, పాలు ఎక్కువ చెప్పుకుని ఉంటారు. ఫోన్లో మీట నొక్కేటప్పుడు మనకు ఊటీ పెద్ద హోటలూ ఏర్కాడు నాలుగు గదులూ ఒకే సైజులో కనిపిస్తాయి, అది ఆ తెర తప్పు. నొక్కే మనిషికి ఆ మాత్రం తెలియాలి.

పెద్ద హోటళ్ల గురించి ఒక మాట. వాళ్లను చూసి జాలిపడక్కర్లేదు, వాళ్లు మనకన్నా ముదుర్లు. వంద రూములుంటే వందకు పైన కొన్ని బుకింగులు తీసుకోవడం ఆ వ్యాపారంలో ఉన్న పద్ధతే, కొందరు రారని ముందే అంచనా వేసుకుంటారు. అందరూ వచ్చేసిన రోజు ఆ అంచనా కొంప ముంచుతుంది. వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఒకసారి అర్ధరాత్రి ఒక మేనేజరు తన కస్టమర్లను ఆటోలో మా లాడ్జికి పంపాడు. వాళ్లలో ఒకాయన చేతిలో ప్రింటు తీసిన కాగితం, దాని మీద కన్ఫర్మ్ అని పెద్ద అక్షరాలు. ఆ కాగితం నా ముందు పెట్టి వేలితో టకటకా కొట్టి చూపించాడాయన, నేనే దాన్ని రద్దు చేసినట్టు! ఈయన రూము ఎందుకు పోయింది? ఎవరో మూడు చోట్ల పట్టుకుని రెండు చోట్ల వదిలేస్తారని హోటలువాడు ఎక్కువ అమ్ముకున్నాడు. హోటలు వాళ్లు ఇలా చేస్తారన్న భయంతో ఈయన వచ్చేసారి రెండు చోట్ల పట్టుకుంటాడు. అది చూసి వాళ్లు ఇంకాస్త ఎక్కువ అమ్ముతారు. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు తేల్చలేం. ఒక్కటే చూసుకుని, ఒక్కటే నమ్ముకుని, ఆలస్యంగా వచ్చిన మనిషే ఎప్పుడూ నష్టపోతాడు.

ఇంకో సంగతి మీ వారిని అడగండి. కార్లో వెళ్తున్నట్టయితే ఈ-పాసులు ఎన్ని తీశారు? మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కూ వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాసు పెట్టారు. 2025 వేసవిలో రోజుకు ఇన్ని బండ్లేనని లెక్క కూడా కట్టారు. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు మామూలు రోజుల్లో రోజుకు 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000. కొడైకెనాల్‌కు 4,000, 6,000. పాసుకు డబ్బు లేదు, కాబట్టి చెయ్యి ఆగదు, నాలుగు తేదీలకు నాలుగు తీసి పెట్టుకునే తెలివి మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. హోటల్లో మీరు వదిలిన రూము సాయంత్రానికి మళ్లీ అమ్మకానికి వస్తుంది. వాడని పాసు అలా కాదు, మీ కారు ఇంట్లో ఉంటుంది, లెక్కలో మాత్రం కొండెక్కినట్టే. రూముల కన్నా నాకు ఇదే ఎక్కువ తప్పుగా అనిపిస్తుంది, డబ్బు పోని చోట జనం అసలు ఆలోచించరు కూడా.

చేయాల్సింది చెబుతాను. కొడైకెనాల్, ఊటీలలో ఒకటి ఈ రాత్రికే తీసేయండి. అత్తగారిని ఎవరైనా అడిగారా, మీ ఉత్తరంలో ఆ మాట లేదు. అడిగితే ఏర్కాడో ఊటీనో కూడా ఈ రాత్రికే తేలిపోవచ్చు. ఆడపడుచు భర్తతో ఒక తేదీ అనుకోండి, ఏప్రిల్ 20 అనుకుందాం. ఆ రోజుకు సెలవు సంగతి చెప్పకపోతే ఆయన లేకుండానే వెళ్లేదీ, వారం మార్చేదీ అక్కడితో ఖరారు. తేలిన పూటే మిగిలింది రద్దు చేయండి. ఏర్కాడుది చిన్న చోటయితే, సైట్లో రద్దు చేశాక వాళ్లకు ఒక ఫోన్ కూడా చేయండి. పాలవాడికి చెప్పుకుంటారు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది హైదరాబాద్. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు నేనొక ఫోన్లో, మా తమ్ముడొక ఫోన్లో కూర్చున్నాం. దొరికినప్పుడే పట్టుకోవాలని మా పెదనాన్న వాళ్ల పేర్లూ, బావ వాళ్ల పేర్లూ కూడా ఎక్కించేశాం, వాళ్ల ఆధార్ నంబర్లు ముందే ఉన్నాయి. వస్తారో రారో అడగలేదు. చివరికి కొండకు వెళ్లింది మేం నలుగురమే. ఆరు టికెట్లు అలాగే పోయాయి. 'డబ్బు స్వామికే కదా వెళ్లింది, బాధెందుకు' అని మా ఆవిడ అంటోంది. కానీ నాకెందుకో మనసులో ముల్లులా ఉంది. - సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఆరు టికెట్లంటే పద్దెనిమిది వందలు. వెంకన్నకు మీ పద్దెనిమిది వందలు లోటా నాయనా? డబ్బు ఇవ్వాలనుకుంటే హుండీ ఉంది, గుడ్డతో కప్పి మరీ పెట్టారు, ఎంత వేశారో ఎవరూ చూడరు.

టికెట్టు వేరు. దాని మీద తేదీ, వేళ ఉంటాయి. ఆ పూటకు ఇంతమంది అని కోటా కడతారు. ఒక్కసారి తీసుకుంటే రద్దు లేదు, తేదీ మార్చుకోవడం లేదు, ఇంకొకరికి ఇవ్వడం లేదు. ఆధార్‌తో ముడిపెట్టింది దళారుల చేతిలో పడకుండా. కాబట్టి మీ చిత్తూరు అక్కయ్యకున్న వెసులుబాటు మీకు లేదు. ఆవిడ భర్త రేపు బుద్ధి తెచ్చుకుని రద్దు చేస్తే రూము ఇంకొకరికి పోతుంది. మీరు బుద్ధి తెచ్చుకున్నా టికెట్టు ఎవరికీ పోదు. వెనక్కి ఇచ్చే వీల్లేని దాన్ని పట్టుకునేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మనం సరిగ్గా అందుకు వ్యతిరేకంగా ఉంటాం. దొరకదన్న భయం అలాంటిది.

నిజం చెప్పాలంటే మీ ఆరుగురు రానందువల్ల ఆ పూట క్యూ కాంప్లెక్సులో ఏ చోటూ ఖాళీగా మిగల్లేదు. కంపార్టుమెంట్లలో కూర్చున్న సర్వదర్శనం వాళ్లు ఆ మేరకు ముందుకు జరిగి ఉంటారు. అది మీకు ఊరట అయితే తీసుకోండి. ఎటొచ్చీ, మూడు నెలల ముందు అదే పొద్దున అదే సైటు తెరిచి కూర్చుని, మీ పెదనాన్న గారి పేరు ఎక్కేసరికి కోటా అయిపోయిందని చూసిన మనిషి సంగతి వేరు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండే మనిషి. టికెట్టు లేకుండా, ఎన్ని గంటలు పడుతుందో తెలియని లైన్లో నిలబెట్టడానికి తల్లిని అంత దూరం నుంచి తీసుకురాలేక ఊరుకుంటాడు. మా ఊళ్లో భూదేవి కాంప్లెక్సు దగ్గరో శ్రీనివాసం దగ్గరో టోకెన్ల కోసం నిలబడ్డవాళ్లను మేం చూస్తాం. అసలు బయల్దేరని వాళ్లను ఎవరూ చూడరు.

పేరు ఎక్కించే ముందు పెదనాన్నకు ఒక్క ఫోన్ చేయండి. అంతకన్నా పెద్ద ధర్మసూక్ష్మం ఇందులో లేదు. మీ ముల్లు ఉండనివ్వండి, వచ్చే నెల విడుదలకు పనికొస్తుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి డెబ్భై దాటిన మా నాన్నగారిని స్విమ్స్ ఆసుపత్రిలో చూపించడానికి తిరుపతి తీసుకొస్తున్నాం. డాక్టరు గారు ఏ రోజు రమ్మంటారో ఇంకా ఖరారు కాలేదు. వెంకటాద్రి రైల్లో రెండు తేదీలకు స్లీపర్ టికెట్లు తీసి ఉంచాను. ఇదీ తప్పేనా?

జవాబు: కాదు. డెబ్భై దాటిన మనిషిని కూర్చోబెట్టి తీసుకురాలేరు, తేదీ మీ చేతిలో లేదు. ముందుగా రద్దు చేస్తే కొంచెం కోస్తారు, రైలు దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది, అది మీకు తెలిసే తీశారు. రెండూ ఉంచుకోండి, టెన్షన్ పడకండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు, అంత ముందు నుంచి పట్టుకుని చివర్లో వదిలేసేవాళ్లు ఎక్కువయ్యారనే. మీరు రద్దు చేసిన బెర్తు ముందు ఆర్‌ఏసీ వాళ్లకు, వాళ్ల జాగా వెయిటింగ్ లిస్టు వాళ్లకు వెళ్తుంది. డాక్టరు గారి ఫోన్ రాగానే మీరు రద్దు చేస్తే వాళ్లలో ఒకరు ఆ రోజే సంచి సర్దుకుంటారు. చార్టు పడేదాకా ఆగితే వెయిటింగ్‌లో ఉన్నవాడి ఈ-టికెట్టు దానంతటదే రద్దయిపోతుంది, అప్పుడు మీ బెర్తు ఖాళీ అయినా అతను ఇంట్లోనే ఉంటాడు.

ప్రశ్న: తిరుచానూరు రోడ్డులో మా ఇంటి పైఅంతస్తులో ఆరు గదులు హోమ్‌స్టేగా ఇస్తున్నాను. ఆన్‌లైన్లో పెట్టాను. పోయిన పంచమీ తీర్థానికి (అమ్మవారి బ్రహ్మోత్సవాల చివరి రోజు) ఆరుకు ఆరూ బుక్ అయ్యాయి, చివరి రెండు రోజుల్లో నాలుగు రద్దు. ఈసారి ఆరు గదులకు ఎనిమిది బుకింగులు తీసుకుంటే ఎలా ఉంటుందని ఆలోచన. పెద్దవాళ్లు చేస్తే లేని తప్పు నేను చేస్తే వచ్చిందా? - తిరుపతి పాఠకుడు

జవాబు: వచ్చింది. చెప్తాను, కోపం తెచ్చుకోకు నాయనా, నీ బాధ నాకు తెలుసు. పంచమీ తీర్థం నాటి గది మర్నాటికి ఎవడికీ అక్కర్లేదు.

విమానాల వాళ్లు ఉన్న సీట్ల కన్నా ఎక్కువ అమ్ముతారు, నిజమే. కానీ వాళ్ల మెడ మీద విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. కన్ఫర్మ్ టికెట్టున్న మనిషిని ఎక్కించుకోకపోతే ముందు ఎవరైనా తమంతట తాము దిగుతారా అని అడగాలి. గంటలోపు వేరే విమానం చూపించలేకపోతే డబ్బు కట్టాలి. ఇరవై నాలుగు గంటల్లోపు పంపిస్తే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి రెండింతలు, 10,000 రూపాయలు మించకుండా. అంతకన్నా ఆలస్యమైతే నాలుగింతలు, 20,000 మించకుండా. నీకు అలాంటి రూలు లేదు కాబట్టి సుఖం అనుకుంటున్నావేమో. వాళ్లకు వందల సీట్ల మీద అంచనా, ఒకటో రెండో తప్పుతుంది. నీకు ఆరు గదులు. ఎనిమిది కుటుంబాలూ దిగాయంటే రెండు కుటుంబాలు రాత్రి పూట మీ మెట్ల మీద కూర్చుంటాయి. పంచమీ తీర్థం నాడు తిరుచానూరులో వాళ్లను ఎక్కడికి పంపిస్తావు? మీ ముందు గదిలో చాప వేస్తావా? వేస్తే సరే, వేయవు.

దానికన్నా ఇలా చెయ్. పండగ రోజులకు రద్దు గడువు రెండు రోజులు కాకుండా పది రోజులు పెట్టు. చాలా సైట్లలో తేదీల వారీగా షరతు మార్చుకునే వీలుంటుంది, మా మేనల్లుడు అలాగే చేస్తున్నాడు. ఒక రాత్రి అద్దె అడ్వాన్సుగా తీసుకో. ఆ షరతు అందరికీ అర్థమయ్యే తెలుగులో, తమిళంలో పంపు, చిన్న అక్షరాల్లో దాచకు. బుకింగుకు వారం ముందు నువ్వే ఫోన్ చేసి 'ఏ బస్సుకు వస్తున్నారు, రాత్రి టిఫిను కావాలా' అని అడుగు. రానివాళ్లు అప్పుడే నీళ్లు నములుతారు, నీకు తెలిసిపోతుంది. మూడు చోట్ల పట్టుకున్న మనిషి కూడా, తన పేరు పెట్టి పిలిచి టిఫిను అడిగిన ఇంటిని ఊరికే వదిలెయ్యలేడు. సైటు వాడికి నూటికి పదిహేనో ఇంకా ఎక్కువో కమిషన్ కడుతున్నావు కదా, ఆ ఫోన్ కాల్ ఖర్చు ఎంత?

ఎవరైనా ఇంట్లో చావో ఆసుపత్రో వచ్చి గడువు దాటాక రద్దు చేస్తే అడ్వాన్సు వెనక్కి ఇచ్చెయ్. కాగితాలు అడక్కు. ఒకరిద్దరు అబద్ధం చెప్తారు, చెప్పనీ.

ప్రశ్న: మా చుట్టాలతో శ్రీకాళహస్తి, కాణిపాకం వెళ్లడానికి ఇద్దరు ట్యాక్సీ డ్రైవర్లకు చెప్పాం, ఒకరు హ్యాండిచ్చినా ఇంకొకరు ఉంటారని. తెల్లవారుజామున ఐదింటికి ఇద్దరూ వచ్చి ఇంటి ముందు నిలబడ్డారు! ఒకాయన చేతిలో టీ ఖర్చులకు వంద పెట్టి పంపేశాం. గొణుక్కుంటూ వెళ్లాడు. వంద చాలదా? - కొర్లగుంట, తిరుపతి

జవాబు: చాలదు. ఆ వేళకు ఆయన స్టేషను ముందు ఉండుంటే రైలు దిగినవాళ్లలో ఎవరో ఒకరు ఎక్కేవాళ్లు. మీ మాట మీద ఆ బేరాలు వదులుకుని, డీజిల్ కాల్చుకుని కొర్లగుంట దాకా వచ్చాడు. పైగా ఇంకో డ్రైవరు ఎదురుగా అవమానం. ఆ రోజు బాడుగలో సగమైనా ఇవ్వాలి. ఆయన నంబరు మీ ఫోన్లో ఉండే ఉంటుంది, ఇది చదివాక ఫోన్‌పే చేసేయండి.